ఏం రాయాలో తెలీదనేవాళ్లకు: మీ వాట్సాప్‌లోనే ఏడాదికి సరిపడా బ్లాగు ఉంది

ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్మేవాళ్లు, చిన్న చీరల షాపు నడిపేవాళ్లు, ఏసీ రిపేర్లు చేసేవాళ్లు, ఎవరిని కదిలించినా ఒకటే మాట: "వెబ్‌సైట్‌లో బ్లాగు పెట్టమంటున్నారండీ, పెట్టాలనే ఉంది, కానీ ఏం రాయాలో తోచట్లేదు." ఆ మాట పూర్తయ్యేలోపే ఫోన్ మోగుతుంది, అవతలివాళ్లు "నిమ్మకాయ పచ్చడి బయట పెడితే ఎన్నాళ్లుంటుందండీ" అని అడుగుతారు, పచ్చళ్లమ్మే ఆవిడ చేతిలో పని పక్కన పెట్టి ఉప్పు ఎంత పడింది, ఎండ ఎన్నాళ్లు పెట్టాం, ఫ్రిజ్‌లో పెడితే ఏమవుతుంది అన్నీ ఓపిగ్గా చెప్పి ఫోన్ పెట్టేస్తుంది. ఆ ఫోన్‌లో చెప్పిందే బ్లాగు. రాసి పెట్టుకోలేదు అంతే.

నా లెక్కలో చిన్న వ్యాపారానికి కంటెంట్ మార్కెటింగ్ అంటే ఇంతే: కొనేవాడు అడిగే ప్రశ్నకు, మీరు ఫోన్‌లో చెప్పేంత నిజాయితీగా, అందరికీ కనిపించే చోట జవాబు రాసి పెట్టడం. మిగతాదంతా దాని చుట్టూ ఉండే పని. ఆ పని ఎలా చేయాలో ఇక్కడ పచ్చళ్ల వ్యాపారం ఉదాహరణగా పెట్టుకుని చెప్తాను, ఎందుకంటే మన దగ్గర ఇంటి నుంచి మొదలై అమెరికా దాకా పార్సిళ్లు పంపే స్థాయికి వెళ్లిన చిన్న వ్యాపారాల్లో అది ముందుంటుంది. మీది వేరే వ్యాపారమైతే పచ్చడి తీసేసి మీ సరుకు పెట్టుకుని చదవండి.

ముందు ప్రశ్నలు ఏరండి

వాట్సాప్ తెరిచి పైన సెర్చ్‌లో "ఎలా", "ఎన్నాళ్లు", "ఎంత", "ఎందుకు" అని ఒక్కొక్కటే వెతకండి. తెలుగు అక్షరాల్లో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో ఒకసారి, ఎందుకంటే మన కస్టమర్లలో చాలామంది తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. గత సీజన్‌లో వచ్చిన మెసేజ్‌లన్నీ బయటికొస్తాయి. పనికొచ్చే ప్రతి ప్రశ్ననూ, వాళ్లు ఏ మాటల్లో అడిగారో ఆ మాటల్లోనే, ఒక నోట్‌బుక్‌లోకి ఎక్కించండి. "నిల్వ కాలపరిమితి ఎంత" అని ఎవరూ అడగరు. "పాడవకుండా ఎన్నాళ్లుంటుంది" అని అడుగుతారు. గూగుల్‌లో కూడా అదే కొడతారు, కాబట్టి మీరు రాసే శీర్షికా అదే అవ్వాలి.

ఫోన్‌లో అడిగేవాటికి కౌంటర్ దగ్గరో వంటింటి గట్టు మీదో ఒక పుస్తకం, పెన్ను. మీకు కుదరకపోతే ప్యాకింగ్ చేసే అమ్మాయికి చెప్పండి, ఎవరు ఏం అడిగినా ఒక ముక్క రాసి పెట్టమని.

ఇప్పుడు ఒక ప్రశ్న పోస్టుగా ఎలా మారుతుందో దగ్గర నుంచి చూద్దాం. ఇలాంటి సంభాషణ పచ్చళ్లు అమ్మే ప్రతివాళ్ల ఫోన్‌లోనూ ఉంటుంది:

"ఆంటీ, మొన్న పంపిన ఆవకాయ మీద తెల్లగా ఏదో వచ్చింది. బూజా?"
"ఫొటో పెట్టమ్మా. పలుకుల్లా గట్టిగా ఉందా, నూగులా మెత్తగా ఉందా?"
"పలుకుల్లానే ఉంది."
"కొంచెం తీసి గ్లాసు నీళ్లలో వేసి చూడు."
"కరిగిపోయింది ఆంటీ."
"అయితే ఉప్పే. నూనె తగ్గి ముక్క పైకి తేలినట్టుంది. పప్పునూనె కాచి, బాగా చల్లారాక ముక్కలు మునిగేదాకా పొయ్యి. తడి గరిటె పెట్టకు. మెత్తగా నూగులా, పచ్చగానో నల్లగానో కనిపిస్తే మాత్రం పైపైన తీసేసి తినొద్దు, జాడీ మొత్తం పారెయ్యాల్సిందే."

దీన్ని పోస్టుగా మార్చడానికి కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. శీర్షిక: "ఆవకాయ మీద తెల్లగా వస్తే అది ఉప్పా, బూజా?" మొదటి రెండు వాక్యాల్లోనే జవాబు: పలుకుల్లా ఉండి నీళ్లలో కరిగితే ఉప్పు, నూగులా ఉంటే బూజు. తర్వాత రెండు ఫొటోలు పక్కపక్కన. ఆ తర్వాత ఉప్పయితే ఏం చేయాలి, బూజయితే ఏం చేయాలి, అసలు రాకుండా ఏం జాగ్రత్త. చివర్లో ఒక్క వాక్యం: మా జాడీల్లో నూనె ముక్క పైన ఎంత ఎత్తున ఉంటుందో చూపించే ఫొటో ఇదీ, ఆర్డర్ ఇవ్వాలంటే ఇక్కడ నొక్కండి. అయిపోయింది. మూడు వందల మాటలు కూడా దాటదు.

ఈ పోస్టు చదివేది ఎవరు? మీ దగ్గర కొన్నవాళ్లు కొందరే. ఎక్కువమంది వేరే చోట కొన్నవాళ్లు, ఇంట్లో మొదటిసారి పెట్టుకుని జాడీ తెరిచి కంగారు పడినవాళ్లు. వాళ్లకి ఆ క్షణంలో టెన్షన్ తగ్గించింది మీరు. వచ్చే ఏడాది ఆవకాయ ఎక్కడ తెప్పించుకుందాం అనుకున్నప్పుడు ఎవరి పేరు గుర్తొస్తుందో వేరే చెప్పక్కర్లేదు. "మా పచ్చళ్లు స్వచ్ఛమైనవి, రుచికరమైనవి" అని పది పోస్టులు రాసినా ఈ పని జరగదు, అలాంటివి రాయనివాళ్లు ఎవరున్నారని!

మొదటి పేరా కొట్టేయండి

చిన్న వ్యాపారాల బ్లాగుల్లో నాకు చిరాకు తెప్పించేది ఒకటుంది. "తెలుగువారి భోజనంలో పచ్చళ్లకు ఒక ప్రత్యేక స్థానం ఉంది. అనాదిగా మన పూర్వీకులు..." అని మొదలవుతుంది. జాడీ చేతిలో పట్టుకుని బూజేమో అని చూస్తున్న మనిషికి పూర్వీకులతో ఏం పని? ఏ పోస్టు రాసినా పూర్తయ్యాక మొదటి పేరా తీసేసి చదివి చూడండి. పది సార్లలో ఎనిమిది సార్లు అదే బాగుంటుంది.

రాయడం రాదనేవాళ్లు రాయకండి, చెప్పండి. ఫోన్ కీబోర్డులో మైకు గుర్తు నొక్కి తెలుగు ఎంచుకుని, ఎదురుగా కస్టమర్ ఉన్నట్టు మాట్లాడండి. గూగుల్ కీబోర్డు జీబోర్డు తెలుగును బాగానే పట్టుకుంటుంది. ఆ తర్వాత కూర్చుని వాక్యాలు విడదీసి, తప్పులు దిద్దుకుంటే చాలు. మాట్లాడినట్టుంటే తప్పేమీ లేదు, మీ గొంతు వినిపించాలనే కదా.

ధర దాచొద్దు

"ధర కోసం ఇన్‌బాక్స్ చేయండి" అనే అలవాటు మనకి ఫేస్‌బుక్ నుంచి పట్టుకుంది. పక్కవాళ్లు మన ధర చూసి తగ్గిస్తారేమోనని భయం. వాళ్లు చూడాలనుకుంటే ఒక మెసేజ్ పెట్టి తెలుసుకుంటారు, దాచి ఆపగలిగింది నిజంగా కొనాలనుకున్నవాణ్ని మాత్రమే.

అన్ని పోస్టుల్లోకీ ఎక్కువ కాలం పనిచేసేది ధర గురించిన పోస్టే అని నా నమ్మకం. "ఇంట్లో పెట్టిన ఆవకాయ కిలో ఇంత ఎందుకు?" అని శీర్షిక పెట్టి విడమరిచి రాయండి. పీచు ఉండి, పుల్లగా, టెంక ముదిరిన కాయే కావాలి, చిన్న రసాలో కొత్తపల్లి కొబ్బరో జలాలో మీరు ఏది వాడితే అది చెప్పండి. కాయ కిలో కొంటే ముక్క కిలో రాదు, జీడి, మెత్తటి టెంకలు, దెబ్బతిన్న కాయలు పోతాయి. గానుగ నూనె వాడుతున్నారా, ప్యాకెట్ నూనె వాడుతున్నారా, దానికీ దీనికీ ఎంత తేడా. కాయ కొట్టడానికి కత్తిపీట మనిషికి కూలి. జాడీ, సీలు, అట్టపెట్టె, కొరియర్. మీ అసలు లెక్కే రాయండి, ఊహించి రాయొద్దు, ఏడాదికోసారి మిర్చి రేటు మారినప్పుడు మార్చండి. సూపర్‌మార్కెట్ సీసాతో పోల్చి "మీది ఎక్కువ" అన్నవాళ్లకు వాదన పెట్టుకోకుండా ఆ లింకు పంపేయొచ్చు.

ఇంకో మాట. మీ సరుకు ఎవరికి నప్పదో కూడా రాయండి. "నూనె తక్కువ కావాలనేవాళ్లకు మా ఆవకాయ సరిపడదు, నూనె తగ్గిస్తే నిల్వ ఉండదు, కావాలంటే మాగాయ చూడండి." ఇలా రాస్తే అమ్మకం పోతుందేమో అని బెంగపడతారు గానీ, తిరిగొచ్చే పార్సిళ్లు, ఒక స్టార్ రివ్యూలు తగ్గుతాయి.

చీరల షాపువాళ్లకు కూడా ఇలాంటిదే ఒకటి చెప్తాను. "ఇది నేసిన ఇక్కతా, ప్రింటా?" అని ప్రతి రెండో కస్టమరూ అడుగుతుంది. ఇక్కత్‌లో నూలుకు ముందే రంగులద్ది తర్వాత నేస్తారు కాబట్టి డిజైన్ చీర రెండు వైపులా దాదాపు ఒకేలా కనిపిస్తుంది, అంచుల దగ్గర కొంచెం చెదిరినట్టుంటుంది. ప్రింటు చీర తిరగేస్తే వెనక రంగు వెలిసినట్టుంటుంది. మీ షాపులో ఉన్న రెండు చీరలు తిరగేసి ఫొటోలు తీసి పెట్టండి. ప్రింటు చీరలు కూడా అమ్ముతుంటే అది కూడా చెప్పండి, దాని ధర దానికుంటుంది, సిగ్గుపడాల్సిందేమీ లేదు. పోచంపల్లి పేరు పెట్టి ప్రింటు అంటగట్టేవాళ్ల మధ్య ఈ ఒక్క పోస్టు మిమ్మల్ని వేరుగా నిలబెడుతుంది.

తెలుగులో రాసేవాళ్లకు మాత్రమే వచ్చే తలనొప్పులు

వీటి గురించి ఇంగ్లీషు గైడ్లలో ఉండదు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

మొదటిది అను అనే పేరున్న తెలుగు ఫాంట్ల గొడవ. చాలా షాపులకి పాంఫ్లెట్లు, ఫ్లెక్సీలు చేసిపెట్టే డీటీపీవాళ్లు ఇప్పటికీ అను ఫాంట్లలోనే టైప్ చేస్తారు. అది అచ్చుకి బాగుంటుంది గానీ ఆ మేటర్ కాపీ చేసి వెబ్‌సైట్‌లో పెడితే పిచ్చి అక్షరాలు వస్తాయి. వెబ్‌లో కావాల్సింది యూనికోడ్ తెలుగు, అంటే ఏ ఫోన్‌లోనైనా, కంప్యూటర్‌లోనైనా సరిగ్గా కనిపించే అక్షరాలు. మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి, మార్చాక ఒత్తులు, పొల్లులు ఒకసారి చూసుకోవాలి. కొందరు ఈ బాధ పడలేక పాంఫ్లెట్‌నే ఫొటోగా పెట్టేస్తారు. ఫొటోలోని అక్షరాలతో మీ పేజీ గూగుల్‌లో పైకి రావడం కష్టం, కళ్లు కనపడనివాళ్లు ఫోన్‌తో చదివించుకోలేరు, చిన్న ఫోన్‌లో పెద్దది చేసుకుని చూడాలి. ఫొటో పెట్టినా కింద అదే విషయం అక్షరాల్లో ఉండాలి.

రెండోది, మనవాళ్లు వెతికే తీరు. ఒకే ప్రశ్నను ఒకరు తెలుగు లిపిలో కొడతారు, ఇంకొకరు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొడతారు, మూడోవాళ్లు అచ్చంగా ఇంగ్లీషులో అడుగుతారు, అమ్మమ్మలు మైకు నొక్కి నోటితో చెప్తారు. అందుకని మూడు పేజీలు అక్కర్లేదు. శీర్షిక, పోస్టు తెలుగులో పెట్టి, లోపల ఒకచోట సహజంగా ఇమిడేలా అదే పేరు ఇంగ్లీషు అక్షరాల్లో కూడా ఉండేలా చూసుకుంటే చాలు. విదేశాల్లో పుట్టిన మన పిల్లలు చాలామందికి తెలుగు వినడం వచ్చు, చదవడం రాదు. వాళ్లే మీ ముఖ్యమైన కస్టమర్లయితే ఆ ఒకటి రెండు పేజీలకు ఇంగ్లీషు రూపం కూడా విడిగా పెట్టండి. గూగుల్‌లో సగం ప్రశ్న కొట్టి ఆగితే కింద అది సూచించే వాక్యాలు చూడండి, ఏ లిపిలో ఎక్కువ అడుగుతున్నారో అక్కడే అర్థమవుతుంది.

మూడోది లింకు. తెలుగు శీర్షిక పెడితే, వెబ్‌సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ లింకును కూడా తెలుగులోనే తయారుచేస్తుంది. అది చూడ్డానికి బాగానే ఉంటుంది, కానీ కాపీ చేసి వాట్సాప్‌లో పెట్టగానే శాతం గుర్తులు, అంకెలు కలిసి నాలుగు లైన్ల పొడుగు అవుతుంది, చూసినవాళ్లు ఏదో మోసం లింకనుకుని నొక్కరు. పబ్లిష్ చేసే ముందే లింకును ఇంగ్లీషు అక్షరాల్లో మూడు నాలుగు మాటలకు కుదించండి. ముందే అన్నాను చూడండి, తర్వాత మారిస్తే పాత లింకు అందుకున్నవాళ్లకు పేజీ దొరక్కపోవచ్చు.

నాలుగోది చిన్నదే. లైన్ల మధ్య ఖాళీ కాస్త ఎక్కువ పెట్టండి. ఇంగ్లీషుకి చేసిన థీముల్లో తెలుగు పెడితే పై లైను ఒత్తులు కింది లైను గుడులకు తగులుతాయి.

ఎక్కడ పెట్టాలి

మీ సొంత పేరుతో డొమైన్, అంటే సైట్ చిరునామా, ఒకటి తీసుకోండి, ఏడాదికి ఒక కుటుంబం హోటల్లో భోంచేసినంత ఖర్చు కూడా కాదు. దాన్ని మీ పేరు మీద, మీ మెయిల్‌తో కొనండి. వెబ్‌సైట్ చేసే కుర్రాడు తన ఖాతాలో కొని, తర్వాత ఫోన్ ఎత్తకపోతే మీ పేరు మీది కాకుండా పోతుంది. డబ్బు పెట్టే స్తోమత ఇప్పుడే లేకపోతే గూగుల్‌వాళ్ల బ్లాగర్‌లో మొదలుపెట్టండి, ఉచితం, తర్వాత సొంత డొమైన్ దానికి తగిలించుకోవచ్చు.

ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ వద్దని కాదు. అక్కడ పెట్టింది రెండు రోజులు తిరిగి కిందికి పోతుంది, వచ్చే ఏడాది మేలో ఎవరైనా అదే ప్రశ్న అడిగితే దొరకదు. జవాబు సైట్‌లో ఉండాలి, సోషల్ మీడియాలో దాని ముక్కలు తిరగాలి.

షాపు ఉన్నవాళ్లు బ్లాగుకంటే ముందు చేయాల్సిన పని గూగుల్ బిజినెస్ ప్రొఫైల్. 2021 దాకా దీన్ని గూగుల్ మై బిజినెస్ అనేవాళ్లు. ఉచితం. మ్యాప్‌లో మీ షాపు, పనివేళలు, ఫోన్, ఫొటోలు, రివ్యూలు అన్నీ అందులోనే. పండగ రోజు మూసేస్తే ఆ సంగతి ముందే అందులో పెట్టండి, ఎండలో వచ్చి షట్టర్ చూసి వెనక్కెళ్లినవాడు రాసే రివ్యూ చాలాకాలం ఉంటుంది. ఏసీ రిపేరు, టైలరింగ్, డెంటల్ క్లినిక్ లాంటివాటికి నిజం చెప్పాలంటే బ్లాగు కంటే ఇదే ఎక్కువ పని చేస్తుంది.

సీజన్ కంటే ముందు రాయాలి

ఆవకాయ గురించి మేలో రాస్తే అది మీకోసం రాసుకున్నట్టే. కొత్త సైట్‌లో పెట్టిన పేజీని గూగుల్ గుర్తించి పైకి తేవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. కాబట్టి మామిడికాయ పోస్టులు ఫిబ్రవరికల్లా సైట్‌లో ఉండాలి. పండుమిరపకాయలు సంక్రాంతి తర్వాత వస్తాయంటే ఆ పోస్టు నవంబరులో. ఉసిరికాయ కార్తీకంలో అంటే దసరాకి ముందే. గోంగూరకి సీజన్ పట్టింపు తక్కువ, ఎప్పుడైనా రాసుకోవచ్చు. ఒక్క ఇబ్బంది, ఫిబ్రవరిలో ఆవకాయ ఫొటోలు ఎక్కణ్నుంచి వస్తాయి? ఈ ఏడాది పెడుతున్నప్పుడే తీసి పెట్టుకోవాలి. ముక్కలు తుడుస్తున్నప్పుడు, కారం, ఆవపిండి, ఉప్పు పళ్లెంలో పోసినప్పుడు, మూడో రోజు తిరగ కలిపేటప్పుడు. కిటికీ దగ్గర పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా. నూనె మీద ఫ్లాష్ పడితే ఎర్రటి ఆవకాయ కూడా తెల్లబోతుంది. నెట్‌లో దొరికే ఫొటోలు మాత్రం వాడొద్దు, ఆ జాడీ వేరేవాళ్లదని చూసేవాళ్లకు తెలిసిపోతుంది.

వారానికి ఎన్ని రాయాలి అని అడుగుతారు. నెలకి రెండు రాసినా చాలు, ఆపకుండా రాయాలి. సీజన్‌లో చెయ్యి ఖాళీ ఉండదు కాబట్టి వానాకాలంలో నాలుగైదు రాసి, తేదీలు పెట్టి వదిలేయండి, అవే పబ్లిష్ అవుతాయి.

పాతవాటిని తిరగరాయడం

2025 ఆగస్టు 29 నుంచి అమెరికా 800 డాలర్ల లోపు పార్సిళ్లకు ఇచ్చే సుంకం మినహాయింపును తీసేసింది. దానికి కొద్ది రోజుల ముందే మన తపాలా శాఖ అమెరికాకి పార్సిళ్లు తీసుకోవడం ఆపేసి, మళ్లీ అక్టోబరు మధ్యలో మొదలుపెట్టింది. పిల్లలకి పచ్చళ్లు, పొడులు పంపే తల్లిదండ్రులందరికీ ఒకటే ప్రశ్న: ఇప్పుడు పంపొచ్చా, పంపితే అక్కడ మావాడు డబ్బు కట్టాలా? అలాంటప్పుడు "అమెరికాకి పచ్చళ్ల పార్సిల్" అనే పేజీ ఉన్నవాళ్లు చేయాల్సింది అదే పేజీ తెరిచి, పైన తేదీ వేసి, ఈరోజు పరిస్థితి ఇదీ అని రాయడం. కొత్త పోస్టు కాదు, అదే పేజీ, అదే లింకు. పాతది అలాగే ఉంచి కొత్తది ఇంకోటి రాస్తే గూగుల్‌లో పాతదే ముందు కనిపించి, జనం పాత రేట్లు పట్టుకుని మీతో గొడవపడతారు.

ఆ పేజీలో ఉండాల్సినవి: మీ కొరియర్ ఏది, కిలో నుంచి ఐదు కిలోల దాకా ధరలు, నూనె కారకుండా మీరు చేసే ప్యాకింగ్ ఫొటోలు, ఎన్ని రోజులు పడుతుంది, సుంకం ఎవరు కడతారు. చికెన్, మటన్ పచ్చళ్ల గురించి విడిగా, స్పష్టంగా రాయండి, మాంసంతో చేసినవాటి విషయంలో అమెరికా కస్టమ్స్ చాలా కఠినంగా ఉంటుంది. "ఏం కాదండీ, పంపేద్దాం" అని రాసినవాళ్ల పార్సిల్ చెత్తబుట్టలోకి పోతే కస్టమర్ కూడా పోయినట్టే. ప్రతి పేజీ కింద "చివరిసారి సరిచూసిన తేదీ" అని ఒక లైను పెట్టుకుంటే మీకూ గుర్తుంటుంది.

రాయకూడనివి

తినే వస్తువులు అమ్మేవాళ్లకు ఇది ముఖ్యం. ఉసిరికాయ పచ్చడి తింటే షుగర్ తగ్గుతుంది, కరివేపాకు పొడితో బీపీ పోతుంది, ఇలాంటివి రాయొద్దు. ఆహార పదార్థం జబ్బును నయం చేస్తుందని, రాకుండా ఆపుతుందని ప్రచారం చేయడాన్ని ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018లో తెచ్చిన ప్రకటనల నిబంధనలు ఒప్పుకోవు. 2006 ఆహార భద్రత చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల దాకా జరిమానా పడొచ్చు. మీ సైట్‌లో పోస్టు కూడా ప్రకటన కిందికే వస్తుంది, "సమాచారం కోసం మాత్రమే" అని కింద రాసుకుంటే సరిపోదు. ఇంటి నుంచి అమ్మినా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ 14 అంకెల నంబరు సైట్ కింద కనిపించేలా పెట్టండి. చాలామంది పెట్టరు. పెడితే మొదటిసారి కొనేవాళ్లకు కొంత ధైర్యం.

రివ్యూలు చుట్టాలతో రాయించడం ఆపేయండి. ఒకే రోజు పదిహేను ఐదు స్టార్లు, అందరి ఇంటిపేరూ ఒకటే. ఎవరిని మోసం చేద్దామని?

ఏఐతో రాయించుకోవచ్చా

రాయించుకోవచ్చు, దానికి మీరు సరుకు ఇస్తే. "ఆవకాయ గురించి వెయ్యి మాటల బ్లాగు రాయి" అంటే అది పూర్వీకులతో మొదలుపెట్టి, ఆరోగ్య ప్రయోజనాల జాబితా ఇచ్చి, మీ మీద జరిమానా పడే వాక్యాలు కూడా రాసిపెడుతుంది. అలా వందలకొద్దీ పేజీలు గుమ్మరించడాన్ని గూగుల్ 2024 మార్చి నుంచి స్పామ్ కింద లెక్కేస్తోంది. అంతకుముందే, 2022 డిసెంబరులో, పేజీ నాణ్యతను అంచనా వేసే మార్గదర్శకాల్లో రాసినవాళ్ల సొంత అనుభవాన్ని కూడా చేర్చింది. జాడీ మూత తీసిన అనుభవం మీకుంది, దానికి లేదు. అందుకే మీరు ఫోన్‌లో మాట్లాడి రికార్డు చేసింది దానికిచ్చి "అచ్చుతప్పులు దిద్దు, నా మాటలు మార్చొద్దు" అని అడగండి. శీర్షికలు ఐదు రకాలుగా ఇవ్వమనండి. ఇంగ్లీషు రూపం చేయించుకోండి, ఇంగ్లీషు వచ్చిన ఇంట్లో పిల్లలతో ఒకసారి చదివించండి. కొలతలు, ధరలు, నియమాలు దాన్ని నమ్మి పెట్టొద్దు.

రాశాక ఊరుకోవద్దు

పోస్టు పెట్టి జనం వస్తారని కూర్చుంటే రారు. అమృతాంజనం 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు సంగీత కచేరీల్లో దాన్ని ఉచితంగా పంచేవారని చెప్తారు. తలనొప్పి వచ్చే జనం ఒకచోట చేరే స్థలం ఎక్కడో వెతుక్కున్నారన్నమాట. మీ పోస్టుకు అలాంటి చోటు ఎక్కడో మీరూ వెతుక్కోవాలి. అపార్ట్‌మెంట్ గ్రూపులు, విదేశాల్లో తెలుగువాళ్ల ఫేస్‌బుక్ గ్రూపులు, మీ ఊరివాళ్ల గ్రూపు. అక్కడ లింకు విసిరి పారిపోకండి. ఎవరైనా ప్రశ్న అడిగినప్పుడు జవాబు అక్కడే మూడు లైన్లలో రాసి, ఫొటోలు ఇక్కడున్నాయి అని లింకు ఇవ్వండి.

వాట్సాప్ బిజినెస్‌లో క్విక్ రిప్లై పెట్టుకోండి: స్లాష్ (/) గుర్తు కొట్టి "నిల్వ" ఎంచుకోగానే ఆ పోస్టు లింకు వచ్చేలా. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మంది దాకా పెట్టొచ్చు, కానీ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే అది అందుతుంది, అందుకని ప్రతి పార్సిల్‌లో "ఈ నంబరు సేవ్ చేసుకుంటే కొత్త కాయ వచ్చినప్పుడు చెప్తాం" అని చీటీ వేయండి. రోజూ గుడ్ మార్నింగ్ పూలు పంపారంటే మాత్రం బ్లాక్ చేస్తారు, తప్పు వాళ్లది కాదు.

అదే పోస్టును నిమిషం వీడియోగా చెప్పి యూట్యూబ్‌లో పెట్టండి. ఉప్పు పలుకు నీళ్లలో కరగడం చదివేదానికంటే చూసేదానికే బాగుంటుంది.

లెక్కలు చూడ్డానికి గూగుల్ సెర్చ్ కన్సోల్ ఒకటి చాలు, ఉచితం. నెలకోసారి తెరిచి, జనం ఏ మాటలు కొట్టి మీ పేజీ దాకా వచ్చారో ఆ జాబితా చూడండి. అందులో మీరు అసలు రాయని ప్రశ్నలు కనిపిస్తాయి. మీ నోట్‌బుక్‌లోకి అవే కొత్త శీర్షికలు. గూగుల్ ఫలితాల్లో పదో స్థానం నుంచి ఇరవయ్యో స్థానం మధ్య కనిపిస్తున్న పేజీలుంటే కొత్తవి రాయడం ఆపి ముందు వాటిని బాగుచేయండి: జవాబు ఇంకాస్త పైకి తెచ్చి, మంచి ఫొటో ఒకటి చేర్చి, మీ సైట్‌లోనే దగ్గరి విషయం ఉన్న ఇంకో పేజీ నుంచి దానికి లింకు ఇచ్చి చూడండి. ఎంతమంది చూశారన్న అంకె కంటే నాకు ముఖ్యమైంది ఇంకోటి. ఆర్డర్ తీసుకునేటప్పుడు "మా గురించి ఎలా తెలిసిందండీ" అని అడిగి, ఆ జవాబును ఆర్డర్ పుస్తకంలో పేరు పక్కనే రాసుకోండి. మొదటి మూడు నాలుగు నెలలు "మా అక్క చెప్పింది" అనే ఎక్కువగా ఉంటుంది, గాభరా పడకండి. "గూగుల్‌లో చూశాను" అని మొదటిసారి ఎవరైనా అన్నప్పుడు ఏం వెతికారో కూడా అడగండి, వాళ్లు చెప్పిన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసుకోండి.